మూడు గంటల పది నిమిషాల గీత

రాజధాని సాంతియాగో నుంచి మా దీవికి మూడు వేల ఏడు వందల అరవై కిలోమీటర్లు. మధ్యలో నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. ఆ దూరం ఎప్పుడూ మారదు గానీ, ఉర్బానో అవాకా మాత్రం దాన్ని రోజుకొక రకంగా చెప్పేవాడు. "ఇవాళ సాంతియాగో అయిదూ నలభై" అనేవాడు ఒకరోజు. "ఇవాళ అయిదూ పదే, దగ్గరికి జరిగింది" అనేవాడు ఇంకోరోజు. అయిదు గంటల నలభై నిమిషాలు, అయిదు గంటల పది నిమిషాలు అని అర్థం. కొత్తవాళ్ళకి ఆ భాష అంతుపట్టేది కాదు. మా ఊరు హంగా రోవాలోని ఆడవాళ్ళకి మాత్రం ఆ ముక్క చాలు, ఎన్నింటికి రాళ్ళు కాల్చుకోవాలో తెలిసిపోయేది.

విమానం దిగి వచ్చిన చుట్టానికి గుంటలోంచి అప్పుడే తీసిన వేడి కూడు పెట్టకపోతే మా దగ్గర పెద్ద నామర్దా. గుంట తవ్వి, రాళ్ళు కాల్చి, అరిటాకుల్లో చేపా కోడీ చిలగడదుంపా చుట్టిపెట్టి, మీద మట్టి కప్పాక మూడు గంటలు పడుతుంది. ముందు తీస్తే చల్లారిపోతుంది. ఆలస్యమైతే చుట్టం నోరెండబెట్టుకుని కూర్చోవాలి. ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, విమానం వారానికి రెండేసార్లు, బుధవారమూ ఆదివారమూ వచ్చేది. ఆ రెండు రోజులూ పొద్దున్న ఏడయ్యేసరికి ఉర్బానో ఆఫీసులో ఫోను మొదలయ్యేది.

మతావెరి విమానాశ్రయం పక్కన ఉన్న వాతావరణ కేంద్రంలో అతను పరిశీలకుడు. రోజూ ఆరింటికి ఒక పెద్ద బెలూన్‌కి గ్యాసు నింపి పైకి వదిలేవాడు. దానికి వేలాడే చిన్న పెట్టె, పది కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీస్తోందో కిందికి చెబుతూ పోయేది. అంత ఎత్తున గాలి దాదాపు ఎప్పుడూ పడమటి నుంచే. అందుకని మా దగ్గరికి వచ్చే విమానం దానికి ఎదురీదాలి, మా దగ్గర్నుంచి పోయే విమానాన్ని అదే వెనక నుంచి తోస్తుంది. రావడానికి అయిదున్నర, పోవడానికి నాలుగున్నర. "మన ఊరు రావడానికి దూరం, పోవడానికి దగ్గర" అని ఉర్బానో నవ్వుతూ అనేవాడు. పెద్దవాళ్ళు ఆ మాటకి నవ్వేవాళ్ళు కాదు.

ఈ ప్రయాణ సమయం లెక్క అతని ఉద్యోగంలో లేదు. అది వేసేవాళ్ళు సాంతియాగోలో వేరే ఉన్నారు. అయినా ఇరవై రెండేళ్ళుగా చిత్తుకాగితం వెనక అతను తన లెక్క తాను వేసుకుంటూనే ఉన్నాడు. పది నిమిషాలకు మించి తప్పింది లేదని అతని గొప్ప. మనిషి మంచివాడే గానీ అంకె దగ్గర మొండి. పడవలవాళ్ళు వచ్చి గాలెంత అనడిగితే ఇరవై రెండు అనేవాడు. "ఇరవై అనుకోవచ్చా?" అంటే, "నువ్వు అనుకో. గాలి అనుకోదు" అనేవాడు. అతని బావ బెనెదిక్తో చేపలు పట్టే మనిషి, నోరు ఊరుకోదు. "మా బామ్మర్దికి నిచ్చెనేసినా అంకె మీంచి కిందికి దిగడు" అని ఊరంతా చెప్పేవాడు.

ఆ బావ పెళ్ళామే తాదేయా. ఉర్బానో కంటే పదకొండేళ్ళు పెద్ద. అతనికి మూడేళ్ళప్పుడు తల్లి పోతే ఆ అక్కే చంకనేసుకుని పెంచింది. బడికి తోలింది, వాతావరణం చదువుకి సాంతియాగో పొమ్మని తరిమింది, తిరిగొచ్చాక ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చొక్కా తానే కుట్టి తొడిగింది. నలభై ఏడేళ్ళు వచ్చినా అతన్ని నలుగురిలో "ఒరేయ్" అనే మనిషి ఆమె ఒక్కతే.

ఆగస్టు నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం, బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ తాదేయా దండెం కిందే కూలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోతే నాడి నిమిషానికి ముప్పై నాలుగే. ఖండం నుంచి వచ్చి రెండేళ్ళుగా ఇక్కడే ఉన్న డాక్టరమ్మ ఒలివారెస్, ఉర్బానోని వరండాలోకి పిలిచి దాచకుండా చెప్పింది.

"గుండెలో పైనుంచి కిందికి పోవాల్సిన కబురు తెగిపోయింది. పేస్‌మేకర్ పెట్టాలి. అది సాంతియాగోలోనే. అందాకా సెలైన్‌లో మందు పెట్టి లాక్కొస్తాను."

"ఎందాకా లాగగలరు డాక్టరమ్మా?"

"బుధవారం విమానం దాకా లాగుతాను. ఆ తర్వాత అడక్కండి. వైమానిక దళం వాళ్ళని కూడా అడిగాం, వాళ్ళ విమానం దక్షిణాన ఎక్కడో ఉంది, శుక్రవారంగానీ రాదట."

బుధవారం విమానం. పొద్దున్న వచ్చి, మధ్యాహ్నం తిరిగి పోయే విమానం. రావలసింది వస్తేనే పోవలసింది పోతుంది. కానీ వాయవ్యం నుంచి ఒక ముసురు కదిలి వస్తోందని ఉర్బానోకి తెలుసు. ఆదివారం నుంచీ పటం మీద దాన్ని చూస్తూనే ఉన్నాడు.

మా రన్‌వే ఒక్కటే. పక్క ఊళ్ళో దిగుదామంటే పక్క ఊరే లేదు. అందుకని వచ్చే విమానానికి సముద్రం మీద ఒక గీత ఉంటుంది. కంటికి కనిపించదు, లెక్కలోనే ఉంటుంది. ఆ గీత దగ్గర పైలట్ మతావెరి టవర్‌ని పిలిచి ఇక్కడి వాతావరణం అడుగుతాడు. బాగుంటే ముందుకి, బాగాలేకపోతే వెనక్కి. గీత దాటాక మాత్రం ఇక్కడ దిగడం తప్ప ఇంకో దారి ఉండదు. రెండు గంటలు పైన చక్కర్లు కొట్టేంత ఇంధనం అదనంగా ఉంటుంది, అంతే. ఎదురుగాలి ఉన్న రోజు ఆ గీత సగం దూరంలో కాక మావైపు జరిగి ఉంటుంది. బుధవారం పొద్దున్న బెలూన్ చెప్పినదాన్ని బట్టి ఉర్బానో లెక్క కట్టాడు. మొత్తం ప్రయాణం అయిదు గంటల నలభై నిమిషాలు. గీత మూడు గంటల పది నిమిషాల దగ్గర. మా గడియారం ప్రకారం ఆరింటికి సాంతియాగోలో ఎగిరింది, తొమ్మిదీ పదికి పైలట్ అడుగుతాడు.

ఏడింటికి ఫోన్లు మోగాయి. "అయిదూ నలభై" అని చెప్పాడు. కానీ ఆవేళ ఏ ఒక్కరూ ఫోను వెంటనే పెట్టేయలేదు. "మీ అక్కకి ఎలా ఉంది? విమానం దిగుతుందా?" అని అడిగారు. దానికి అతని దగ్గర అంకె లేదు.

ఎనిమిదిన్నరకి వాన మొదలైంది. తొమ్మిదింటికి బెనెదిక్తో తడిసి ముద్దయి ఆఫీసులోకి వచ్చాడు. టోపీ తీసి గట్టుమీద పెట్టాడు. మామూలుగా అయితే వస్తూనే ఏదో ఒకటి అని ఏడిపించేవాడు.

"డాక్టరమ్మ నాడి ముప్పై అంటోంది" అన్నాడు. "స్ట్రెచర్ కట్టేసి ఉంచాం. విమానం రావడమే ఆలస్యం."

ఉర్బానో బయటికి నడిచాడు. బావ వెనకాలే వచ్చాడు. గాలి వాయవ్యం నుంచి తిరిగి నైరుతిలో పడింది, రన్‌వేకి అడ్డంగా, రానో కావు కొండ మీంచి దొర్లి కొడుతోంది. ముప్పై నాలుగు నాట్లు, అంటే గంటకి అరవై మూడు కిలోమీటర్ల జోరు, విసుర్లు నలభై రెండు. మబ్బు అడుగు వంద మీటర్లు. రన్‌వే అవతలి కొస కనబడటం లేదు. ఇందులో ఏ విమానమూ దిగదు. అది చూడటానికి వాతావరణం చదువు కూడా అక్కర్లేదు.

"అటు చూడు బామ్మర్దీ" అన్నాడు బెనెదిక్తో. నైరుతి మూల, సముద్రం చివర, మబ్బు కింద గోటి మందాన తెల్లటి చార. "విడిచిపెడుతోంది. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినోణ్ణి, నాకు తెలీదా. గంటలో తెరిపిస్తుంది. విమానం రావడానికి ఇంకా రెండున్నర గంటలుంది కదా."

ఉర్బానో చూశాడు. లోపలికి వెళ్ళి పీడనం చూశాడు. వెంట్రుక వాసి పెరిగింది. గాలి నైరుతికి తిరగడం, పీడనం పెరగడం, అంచున వెలుగు చార. ఇరవై రెండేళ్ళలో ఈ మూడూ కలిసినప్పుడు పదింట ఏడుసార్లు గంటలో తెరిపి వచ్చింది. అతను పంపే నివేదికలో చివరి గడి దానికోసమే ఉంది: రాబోయే రెండు గంటల్లో మార్పు. ఇలాంటి రోజుల్లో ఆ గడిలో "తెరిపి వస్తుంది" అని అతనే ఎన్నోసార్లు రాశాడు. పైలట్లు ఆ మాట నమ్మి గీత దాటి వచ్చారు.

పదింట ఏడు. మిగతా మూడుసార్లూ?

కలం ఆ చివరి గడి మీద పెట్టాడు. ఆ చారని ముందు తాను చూశాడా, బావ చూపిస్తే చూశాడా? పీడనం నిజంగా పెరిగిందా, పెరిగితే బాగుండునని పీడనం ముల్లుని ఒక పక్కకి ఒరిగి చూశాడా? విమానంలో నూట అరవై నాలుగు మంది. టవర్‌లో కూర్చున్న కార్మెలో వాళ్ళ ఆవిడే ఉంది అందులో, చెల్లెలి పెళ్ళికి వెళ్ళి వస్తోంది. ఈ దీవిలో ఎవరికి ఎవరు కారు గనక. తను రాసే రెండు మాటల మీద వాళ్ళందరూ గీత దాటుతారు. దాటాక తెరిపి రాకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అక్కడ నిలబడ్డాడు ఉర్బానో.

ఫోను మోగింది. కార్మెలో గొంతు.

"అడుగుతున్నాడు. చెప్పు."

ఉర్బానో గాలి చెప్పాడు, మబ్బు చెప్పాడు, వాన చెప్పాడు.

"మార్పు?" అన్నాడు కార్మెలో.

బెనెదిక్తో కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"మార్పు లేదు" అన్నాడు ఉర్బానో.

అవతల కాసేపు గరగర. తర్వాత కార్మెలో మెల్లగా అన్నాడు. "తిప్పేశాడు. వెనక్కి పోతున్నాడు. రేపు పొద్దున్న మళ్ళీ బయల్దేరతారంట."

బెనెదిక్తో టోపీ తీసుకుని నీళ్ళు పిండాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఊరందరికీ కూటి వేళ చెబుతావు. మీ అక్కకి ఒక్క గంట చెప్పలేకపోయావు" అన్నాడు, వెళ్ళిపోయాడు.

పదీ అయిదుకి వాన ఆగింది. పదీ ఇరవైకి రానో కావు కొండ తల బయటపడింది. పదీ ముప్పావుకల్లా ఆకాశం కడిగి ఆరేసినట్టు అయిపోయింది. పదకొండూ నలభైకి, విమానం దిగాల్సిన వేళకి, రన్‌వే అంతా ఎండ. గాలి పద్నాలుగు. ఆ పద్నాలుగు కూడా అతనే చదివి, అతనే రాసి, అతనే పంపాలి. గంట గంటకీ పంపాడు. ఆ విమానం అప్పటికి సాంతియాగోలో దిగి ఉంటుంది.

ఊళ్ళో గుంటలు తవ్వి తీశారు. పెట్టడానికి చుట్టాలు లేరు. ఎవరో అరిటాకు పొట్లం ఒకటి ఉర్బానో బల్ల మీద పెట్టిపోయారు, ఒక్క మాటా అనకుండా. తిట్టినా బాగుండేది అనుకున్నాడు. పొట్లం విప్పలేదు.

మూడింటికి డ్యూటీ దిగి ఆసుపత్రికి వెళ్ళాడు. తాదేయా పెదాలు నల్లబడి ఉన్నాయి. మంచం పక్కన తెర మీద అంకె ముప్పైకీ ముప్పై రెండుకీ మధ్య ఊగుతోంది. అంకెలు చదవడమే బతుకుగా బతికిన మనిషి, ఆ అంకె వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. కిటికీ నిండా ఎండ.

"వెనక్కి పోయిందటగా" అంది తాదేయా.

"పోయిందక్కా."

"ఎండ కాస్తోందే మరి."

"తర్వాత కాసింది."

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మీ బావ వచ్చి నిన్ను తిట్టిపోశాడులే. నేను వినలేదు. ఆ మనిషి నోరు నాకు కొత్తా. నువ్వు లేనిది రాశావా?"

"లేదు. ఉన్నదే రాశాను."

"మరి పిల్లి ఎత్తుకుపోయిన చేపలా ఆ మొహమేంట్రా?"

ఉర్బానో మంచం అంచున కూర్చున్నాడు. చెప్పకూడదనుకున్నాడు గానీ, ఆమె దగ్గర దాచడం అతనికి ఏనాడూ చేతకాలేదు.

"ఒకటి రాయలేదు. తెరిపొస్తుందని అనిపించింది. గడి ఉంది రాయడానికి. రాయలేదు."

"అనిపిస్తే రాయొచ్చా?"

"రాయొచ్చు. ఎన్నోసార్లు రాశాను."

"మరి?"

"నువ్వని" అన్నాడు. "నీకోసం ఆకాశంలో లేనిది చూస్తున్నానేమోనని భయమేసింది. ఇంకొకళ్ళ అక్క అయితే రాసేవాణ్ణి. నువ్వవడం వల్ల రాయలేదక్కా."

తాదేయా కళ్ళు మూసుకుంది. అతనికి తెర మీద అంకె మారుతుందేమోనని భయం పట్టుకుంది. తర్వాత ఆమె పొట్ట కదిలింది. నవ్వుతోంది. నవ్వు దగ్గులోకి దిగింది, డాక్టరమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్ళింది.

"అయితే నీకు అక్కనవడం నా ఖర్మన్నమాట" అంది.

"అలా అనకక్కా."

"మరేమనమంటావు. చూడు, రేపు పొద్దున్న ఆ పైలట్ మళ్ళీ అడుగుతాడు కదా. అప్పుడు నేను నీకు ఏమీ కాను. ఎవతో ముసల్ది, మంచం మీద పడుంది, అంతే. ఆకాశం చూసి రాయి. నా మొహం చూసి రాయొద్దు. బాగాలేకపోతే బాగాలేదనే రాయి, పోతే పోతాను. బాగుపడేలా ఉంటే మాత్రం భయపడి దాచుకోకు. సరేనా?"

అతను తలూపాడు.

"నోటితో చెప్పరా."

"సరే" అన్నాడు.

గురువారం పొద్దున్న బెలూన్ వదిలాడు. పైన గాలి కాస్త మెత్తబడింది. ప్రయాణం అయిదు గంటల ముప్పై అయిదు నిమిషాలు, గీత దాదాపు అక్కడే, తొమ్మిదీ ఎనిమిదికి. డాక్టరమ్మ ఫోను చేసి నాడి ఇరవై ఎనిమిది అని చెప్పింది. శుక్రవారం దాకా లాగగలరా అని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తొమ్మిదింటికి బయట నిలబడ్డాడు. నిన్నటంత ఘోరం లేదు, నిన్నటంత తేటగా చెప్పే గుర్తూ లేదు. తుంపర. గాలి నైరుతి నుంచి ఇరవై ఏడు, విసుర్లు ముప్పై నాలుగు. మబ్బు అడుగు నూట ఇరవై మీటర్లు. అంచున చార లేదు. కానీ మబ్బు ఒకచోట పలచబడి వెనక వెలుగు కదులుతోంది, పీడనం నాలుగు గంటలుగా నెమ్మదిగా ఎక్కుతోంది. పదింట ఆరు అనుకున్నాడు. ఆసుపత్రిలో ఉన్నది ఎవతో ముసల్ది అనుకోవడానికి ప్రయత్నించాడు. దీవి అవతలి కొసన అనకేనా వైపు మనిషి, పేరు తెలీదు, ఎప్పుడూ చూడలేదు. కానీ ఎంత అనుకున్నా ఆ ముసల్దానికి తాదేయా చేతులే వచ్చాయి. చివరికి ఆ ప్రయత్నం మానేశాడు. కళ్ళు మూసి, తెరిచి, మళ్ళీ పలచబడిన చోటు చూశాడు. అది ఉంది. ఎవరు చూసినా ఉంటుంది. ఇవాళ బావ పక్కన లేడు, దాన్ని తానే చూశాడు.

ఫోను.

అంకెలన్నీ చెప్పాడు. ఊపిరి తీసుకున్నాడు. "మార్పు: గంటన్నరలో మబ్బు పైకి లేస్తుంది, గాలి తగ్గుతుంది."

కార్మెలో వెంటనే అందించలేదు.

"నిన్న రాయనిది ఇవాళ రాస్తున్నావు" అన్నాడు.

"నిన్న రాయకపోవడం తప్పు."

"ఇవాళ రాయడం తప్పయితే? మా ఆవిడ ఉంది అందులో."

"ఉందని తెలుసు. తెలిసే చెబుతున్నా."

తర్వాత కార్మెలో ఆ మాటలు యథాతథంగా రేడియోలో చదవడం వినిపించింది. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి.

"దాటారు" అన్నాడు కార్మెలో.

ఇక ఆ నూట అరవై నాలుగు మందికీ ఈ భూమ్మీద ఇదొక్కటే చోటు.

పదింటికి తుంపర వానయింది. అతను కూర్చోలేకపోయాడు. లోపలికీ బయటికీ తిరిగాడు. పదీ ఇరవై, మబ్బు నూట ఇరవై దగ్గరే ఉంది. పదీ నలభై, నూట యాభై. పదకొండుకి రెండు వందలయింది గానీ విసుర్లు తగ్గలేదు. తను చెప్పిన గంటన్నరా దాటిపోయింది. ఉన్నది ఉన్నట్టు పైలట్‌కి చెప్పిస్తూనే ఉన్నాడు, ఇప్పుడు చెప్పీ లాభం లేదు గానీ. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడని ఆఫీసు ఊడ్చే మనిషి తర్వాత ఊళ్ళో చెప్పింది. నిజమే, అలాగే తిరిగాడు.

పదకొండూ ముప్పై అయిదుకి మబ్బులో మోత వినిపించింది. మోత దగ్గరైంది, తల మీదకి వచ్చింది, విమానం మాత్రం కనబడలేదు. ఇంజన్లు ఒక్కసారిగా గట్టిగా అరిచి మళ్ళీ పైకి పోయాయి. దిగలేదు. ఉర్బానో నుదురు గోడకి ఆనించి, దేవుడి పేరు కాదు, గాలి అంకెలు గొణుక్కున్నాడు. ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది. ముప్పై. ఇరవై ఆరు.

పదకొండూ యాభై మూడుకి రన్‌వే తూర్పు కొసన మబ్బు అడుగులోంచి ముందు చక్రాలు, తర్వాత రెక్కలు బయటికొచ్చాయి. ఒకవైపు ఒరిగి, సర్దుకుని, నేలని కొట్టినట్టు దిగింది. పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. తెరిపి వచ్చిందా అంటే వచ్చింది, రాలేదా అంటే రాలేదు. అతను రాసింది ఒప్పో తప్పో ఆ రోజు ఆకాశం తేల్చి చెప్పలేదు, ఆ తర్వాత అతనూ ఎవరితోనూ తేల్చుకోలేదు.

ఒంటిగంటకి అంబులెన్సు విమానం దగ్గరికి వచ్చింది. బెనెదిక్తో సంచీ భుజాన వేసుకుని ఒక పక్క, ఉర్బానో ఇంకో పక్క స్ట్రెచర్‌తో నడిచారు. బావ అతని వైపు చూడలేదు గానీ, వాన పడుతుంటే తన టోపీ తీసి అతని నెత్తిన పెట్టాడు. తాదేయా కళ్ళు మూసుకుని ఉంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఉంది. వెనక గాలి బాగా ఉంది, సాంతియాగో నాలుగూ ఇరవై అని ఉర్బానో ఆమె చెవి దగ్గర చెప్పాడు.

విమానం మెట్ల దగ్గర సాంతియాగో నుంచి వచ్చిన ఉద్యోగి ఒకతను చీటీ పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. రోగితో ఒక్క బంధువుకే అనుమతి, బెనెదిక్తో పేరు రాసి ఉంది.

"మరి ఈయనెవరు? ఆవిడకి ఏమవుతారు?" అన్నాడు.

బెనెదిక్తో నోరు తెరవబోయాడు. అంతలో స్ట్రెచర్ మీంచి, కళ్ళు తెరవకుండానే, తాదేయా జవాబు చెప్పింది.

"ఏమీ కాడు" అంది.

చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ ఉద్యోగి ఆ రెండు చేతుల వైపు కాసేపు చూశాడు. తర్వాత చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మెట్ల పక్కకి జరిగి ముగ్గురికీ దారి వదిలాడు.